చలన నాడీకణ వ్యాధి - సమన్వయ చికిత్స

చలన నాడీకణ వ్యాధి (మోటార్ న్యూరాన్ వ్యాధి) అనగా కండరాలను కదిలించే నాడీకణాలు మెదడులోను, వెన్నుపాములోను క్రమంగా నశించిపోయే జబ్బు. దీనిలో ఎక్కువగా కనిపించే రూపాన్ని ఏ.ఎల్.ఎస్. అంటారు. ఆధునిక వైద్యంతో పాటు ఆయుర్వేదం, యునానీ, చైనా సంప్రదాయ వైద్యం వంటి పద్ధతులను ఒకే ప్రణాళికలో కలిపి ఈ రోగులకు సేవ చేయడాన్ని సమన్వయ చికిత్స అంటారు. చైనాలోని ఆసుపత్రులలో ఈ విధానం ఎక్కువగా అమలులో ఉన్నది. తెలుగు ప్రాంతాలలో మాత్రం ఆసుపత్రులకంటే రోగి కుటుంబమే ఈ సమన్వయాన్ని చేసుకొంటుంది: ఒక సంచిలో నిమ్స్ చీటీలు, మరొక సంచిలో వైద్యుడిచ్చిన తైలాలు. ఒక సంచి సంగతి రెండవ వైద్యునికి తెలియకపోవడమే ఈ విషయంలో అసలు ప్రమాదం.

వ్యాధి స్వరూపం

జబ్బు సాధారణంగా ఒక చేతిలోనో, కాలిలోనో, నాలుకలోనో మొదలవుతుంది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, చెప్పు జారిపోవడం, మాట ముద్దగా రావడం తొలి గుర్తులు. కండరాలు సన్నబడతాయి, చర్మం కింద అదురుతుంటాయి. స్పర్శ పోదు, కంటి కదలికలు చివరి దశ వరకు నిలుస్తాయి. మనసు చాలామందిలో స్పష్టంగానే ఉంటుంది. ఏ.ఎల్.ఎస్. రోగులలో ఎక్కువ మంది లక్షణాలు మొదలైన 2 నుండి 4 సంవత్సరాలలో శ్వాసకండరాలు బలహీనపడి మరణిస్తారు. సుమారు 5-10 శాతం మందిలో ఇది వంశపారంపర్యం.

దక్షిణ భారతదేశంలో కనిపించే ఒక ప్రత్యేక రూపానికి మద్రాసు చలన నాడీకణ వ్యాధి అని పేరు. 1970లో మద్రాసు వైద్యులు మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి దీనిని వర్ణించారు. ఇది చిన్న వయసులో మొదలై ముఖం, గొంతు కండరాలను బలహీనపరుస్తుంది. వినికిడి కూడా తగ్గుతుంది, కానీ జబ్బు చాలా నెమ్మదిగా నడుస్తుంది. యువకులలో ఒకే చేయి గాని ఒకే కాలు గాని సన్నబడే మరొక రూపం కొన్ని సంవత్సరాలు పెరిగి తనంతట తానే ఆగిపోతుంది. ఆగిన సమయంలో రోగి ఏ మందు వాడుతుంటే ఆ మందుకే కీర్తి దక్కుతుంది. "ఫలానా ఊరి మందుతో నయమైంది" అన్న కథలు కొన్ని ఇలా పుట్టినవే.

పోలికగల ఇతర జబ్బులు

ఈ పేరు పెట్టేముందు నయం కాగల జబ్బులను వేరుచేయడం అత్యవసరం. మెడపూస అరుగుదల వల్ల వెన్నుపాము నొక్కుకుపోయినా చేతులు సన్నబడి కాళ్ళు బిగుసుకుంటాయి. బహుకేంద్ర చలన నాడీ వ్యాధి అచ్చం దీనిలాగే కనిపించినా ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్లకు లొంగుతుంది. తెలుగు ప్రాంతాలలో ఫ్లోరోసిస్‌ను కూడా తప్పక గుర్తుంచుకోవాలి. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో వర్ణించిన ఈ జబ్బు నల్గొండలో వేలమందిని వంచివేసింది. నీటిలోని ఫ్లోరైడు వల్ల వెన్నెముక స్నాయువులు ఎముకగా మారి నాళం ఇరుకై వెన్నుపామును నొక్కుతుంది. ఎక్స్‌రే, ఎం.ఆర్.ఐ.లతో ఇది బయటపడుతుంది.

సీసం విషప్రభావం మరొకటి. పాత బ్యాటరీలను కరిగించే పనివారిలో మణికట్టు వాలిపోవడం దీని ప్రసిద్ధ లక్షణం. రక్తపరీక్షతో దీనిని కనుగొనవచ్చు. సీసం ఒంట్లోకి వచ్చే మార్గం కార్ఖానా ఒక్కటే కాదు, మందు కూడా కావచ్చు. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, బోస్టన్ పరిసర దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించగా 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా ఉన్నట్లు తేలింది.

ఆధునిక చికిత్స

రిలుజోల్ అనే మాత్రను అమెరికా 1995లో అనుమతించింది. ఇది నాడీకణాలను అతిగా ఉద్రేకపరచే గ్లూటమేట్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. ప్రయోగాలలో ఆయుష్షును సుమారు 2-3 నెలలు పెంచింది. 50 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు ఖాళీ కడుపుతో వాడతారు. కాలేయాన్ని దెబ్బతీయవచ్చు కనుక మొదటి మూడు నెలలు నెలకొకసారి, తరువాత కొంత ఎడంగా రక్తపరీక్ష చేయించాలి. ఎడరవోన్‌ను జపాన్ 2015లోను, అమెరికా 2017లోను అనుమతించాయి. సాడ్1 జన్యులోపం ఉన్నవారికి మాత్రమే పనికివచ్చే టోఫెర్సెన్‌కు అమెరికాలో 2023లో అనుమతి లభించింది.

మందులకంటే శ్వాస, ఆహారాల సంరక్షణ ఎక్కువ మేలు చేస్తుందని చెప్పవచ్చును. 2006లో ప్రచురితమైన, ఇంగ్లండులో 41 మందిపై జరిగిన ప్రయోగంలో, గొంతు కండరాలు మరీ బలహీనపడని రోగులకు మాస్కు ద్వారా ఊపిరి అందించే యంత్రం (బైప్యాప్) మధ్యస్థంగా 205 రోజుల అదనపు ఆయుష్షును, మెరుగైన నిద్రను ఇచ్చింది. మింగడం కష్టమైనపుడు పొట్టలోనికి గొట్టం అమర్చి ఆహారం ఇస్తారు. ఊపిరి మరీ క్షీణించకముందే దీనిని అమర్చడం క్షేమం.

సంప్రదాయ వైద్యాలలో ఈ వ్యాధి

ప్రాచీన చైనా గ్రంథం హువాంగ్‌డి నెయ్‌జింగ్‌లో కండరాలు చచ్చుబడి ముడుచుకుపోయే "వెయ్" అనే స్థితికి ప్రత్యేక అధ్యాయం ఉన్నది. ఆ చికిత్సలో జీర్ణాశయానికి ప్రాముఖ్యం ఇచ్చారు. ఆయుర్వేదంలో ఈ జబ్బుకు సరిసమానమైన పేరు లేదు, వైద్యులు దీనిని వాతవ్యాధులలో చేర్చి మాంసగత వాతంగా భావిస్తారు. యునానీలో ఇస్తిర్ఖా కింద చూస్తారు. క్షీరబల తైలం, మహామాష తైలంతో అభ్యంగనం, నవర బియ్యపు మూటలతో కాపడం, అశ్వగంధ (పెన్నేరు) చూర్ణం ఆయుర్వేదంలో వాడుక. చైనాలో మూలికా కషాయాలు, ఆక్యుపంక్చర్ వాడుతారు. వీటిలో ఏదీ నాడీకణాల నాశనాన్ని ఆపినట్లు నమ్మదగిన ప్రయోగాలలో నిరూపణ కాలేదు. అయినా బిగుసుకున్న కాలికి గోరువెచ్చని నూనె రాసి మెల్లగా చేసే మర్దన రోగికి హాయినిస్తుంది, కీళ్ళు పట్టుకుపోకుండా చూసే వ్యాయామానికి తోడ్పడుతుంది. దానిని కాదనవలసిన పని లేదు.

సంప్రదాయ మూలం గల పదార్థాన్ని కూడా పరీక్షకు పెట్టవచ్చు. ఎలుగుబంటి పిత్తాన్ని చైనా వైద్యం శతాబ్దాలుగా వాడింది. ఆ పిత్తంలో లభించే ఒక ఆమ్లాన్ని (టారుర్సోడయోల్) కృత్రిమంగా తయారుచేసి, మరొక రసాయనంతో కలిపిన మందును అమెరికా 2022లో అనుమతించింది. తరువాత 664 మందిపై జరిగిన పెద్ద ప్రయోగంలో అది ఉత్తుత్తి మందుకంటే మెరుగని తేలలేదు. 2024లో తయారీదారులే దానిని మార్కెట్టు నుండి ఉపసంహరించుకున్నారు. మూలికా మందులను అమ్మేవారిలో ఇలా చేసినవారు అరుదు.

కలిపి వాడునపుడు జాగ్రత్తలు

ముష్టి గింజల విషయం అన్నిటికంటే ముఖ్యం. పక్షవాతానికి వీటిని శుద్ధిచేసి విషముష్టి పేరుతో ఆయుర్వేదంలోను, మరొక పేరుతో చైనా వైద్యంలోను వాడుతారు. వీటిలోని స్ట్రిక్నిన్ వెన్నుపాములో నాడీకణాలను అదుపులో ఉంచే గ్లైసిన్‌ను అడ్డుకుంటుంది. అందువల్ల కండరం బిగుసుకుని, బలం వచ్చినట్లు అనిపించవచ్చు. రిలుజోల్ ఉద్రేకాన్ని తగ్గించడానికి ప్రయత్నిస్తుంటే ఇది పెంచుతుంది, మోతాదు మించితే ప్రాణాంతకం.

రసౌషధాలు మరొక సమస్య. వాతవ్యాధులకు ఇచ్చే ఏకాంగవీర రసంలో నాగ భస్మం, అనగా సీసపు భస్మం చేరుతుంది. సీసమే కండరాల బలహీనతకు కారణం కాగలదు కనుక రోగం ముదిరిందో, మందు ముదిరించిందో తేల్చడం కష్టమవుతుంది. అశ్వగంధ వల్ల కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు నమోదయ్యాయి. దీనిని రిలుజోల్‌తో కలిపి వాడేవారు ఆ సంగతి వైద్యునికి చెప్పి రక్తపరీక్షలు మానకుండా చేయించుకోవాలి.

మింగడం కష్టమైనవారికి ముక్కులో తైలం వేసే నస్యం చేయరాదు, నూనె ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా వస్తుంది. పల్చని కషాయాలు, చారు, మజ్జిగ కూడా పొరబోతాయి. చిక్కని రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం నయం. వమనం, విరేచనం, ప్రకృతి వైద్యంలోని ఉపవాసం ఈ రోగులకు పనికిరావు. బరువు తగ్గేకొద్దీ ఆయుష్షు తగ్గుతుందని స్పష్టంగా తెలిసిన జబ్బు ఇది. ప్రాణాయామం మనసుకు ఊరట కలిగించవచ్చు గాని బైప్యాప్‌కు బదులు కాదు.

చిట్కుల్, పటాన్‌చెరు పరిసరాలలో

చిట్కుల్ సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలో ఉన్నది. 2016 వరకు ఇది మెదక్ జిల్లాలో భాగం. మండలంలోని మందుల, రసాయనాల పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు కలుషితమైన సంగతి దేశమంతటా తెలిసినదే. హైదరాబాదులోని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పారిశ్రామికవాడ మట్టిలో ఆర్సెనిక్, క్రోమియం వంటి లోహాలు అధికంగా ఉన్నట్లు 2001లో ప్రచురించారు. కనుక ఇక్కడ ఒకరి చేయి సన్నబడితే కాలుష్యమే కారణమని అనుకోవడం సహజం. సీసానికి, పురుగుమందులకు ఏ.ఎల్.ఎస్.తో సంబంధం ఉన్నట్లు కొన్ని విదేశీ అధ్యయనాలు సూచించినా, అవే కారణమని నిర్ధారణ కాలేదు. అయితే ఈ ప్రాంతపు రోగికి, ముఖ్యంగా కార్ఖానా కార్మికునికి, లోహాల రక్తపరీక్ష చేయించడం న్యాయమైన జాగ్రత్త.

నాడీ, కండర విద్యుత్ పరీక్షలకు హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్‌కు వెళ్ళవచ్చు. బీమా ఉన్న కార్మికులు రామచంద్రాపురం ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి ద్వారా సనత్‌నగర్‌కు వెళ్ళవచ్చు. ఆయుర్వేద సేవ కోరేవారికి ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉన్నది. ఈ చోట్లన్నిటికీ ఒకే నోటు పుస్తకం తీసుకెళ్ళి, వాడుతున్న ప్రతి మాత్ర, చూర్ణం, తైలం పేరు అందులో రాయించడం మంచిది. పేరు చెప్పని పొట్లం మందును వాడకపోవడమే మేలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీర్ఘకాలిక నాడీ సంబంధ జబ్బులను గుర్తించింది కాబట్టి, నడవగలిగినప్పుడే వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకుంటే తరువాత మంచం మీద మోసుకుపోయే శ్రమ తప్పుతుంది. బైప్యాప్ వాడే ఇంటిలో కరెంటు పోయినా నడిచేలా ఇన్వర్టరు తప్పనిసరి. రోగి మాట పూర్తిగా పోకముందే, గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటరు పెట్టించుకోవడం తనకు ఇష్టమో కాదో అడిగి ఆ నోటు పుస్తకంలోనే రాసి ఉంచుతారు.