గోవా లైఫ్‌గార్డులకు ఈత ఒక్కటే చాలదు

పనాజీ: సుమారు 100 కిలోమీటర్ల గోవా సముద్ర తీరంలో పర్యాటకుల ప్రాణరక్షణ బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వం 2008లో దృష్టి అనే ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ఈ ఉద్యోగానికి గజ ఈతగాడైతే చాలునన్న అభిప్రాయం సామాన్యులలో ఉన్నప్పటికీ వాస్తవం వేరు.

తీరంలో అసలు ముప్పు పెద్ద అలల వల్ల కాదు. ఒడ్డుకు చేరిన నీరు ఇసుక తిన్నెల మధ్య సందు చేసుకుని వేగంగా వెనుకకు మళ్లుతుంది. రిప్ కరెంట్‌గా వ్యవహరించే ఈ ప్రవాహం ఉన్నచోట అలలు అంతగా విరిగి పడవు, నీరు ప్రశాంతంగా కనబడుతుంది. కొత్తవారు సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డు వైపు ఎదురీది, అలసి మునిగిపోతారు. తీరానికి సమాంతరంగా కొంత దూరం ఈదితే బయటపడవచ్చు గానీ, ప్రాణభయంలో ఆ సంగతి ఎవరికి స్ఫురిస్తుంది? అమెరికాలో అలల తీరాలలో జరిగే రక్షణ చర్యలలో 80 శాతానికి పైగా ఇటువంటివేనని అక్కడి లైఫ్‌గార్డుల సంఘం అంచనా.

అందువల్ల నీటి తీరును గుర్తించి ఎర్ర జెండా పాతడం శిక్షణలో మొదటి పాఠం. మునిగేవారు తరచు కేకలు వేయలేరు. నోరు పైకి వచ్చిన క్షణం ఊపిరికే సరిపోతుంది. ఎండలో గంటల తరబడి చూసే కన్ను అలసిపోవడం సహజం కనుక, కాపలాదారులను వేళకు మార్చడం సూపర్‌వైజరు విధి. ఛాతీ నొక్కుతూ కృత్రిమ శ్వాస అందించడాన్ని కూడా ఆయన పదేపదే అభ్యాసం చేయించాలి.

గోవాలో టవర్లపై కాపలా సాయంత్రంతో ముగుస్తుంది. చీకటి పడ్డాక, మద్యం సేవించి నీటిలో దిగేవారు మాత్రం లేకపోలేదు.