మదర్‌బోర్డునకు విద్యుత్తు

బల్లమీది కంప్యూటరు పెట్టెను తెఱచి చూచినచో ఒక ప్రక్క గోడకు బిగింపబడిన వెడల్పైన పలక కనబడును. దానిని మదర్‌బోర్డు అందురు. లెక్కలు చేయు ప్రాసెసరు, పని జరుగుచున్నంతసేపు విషయములను పట్టియుంచు మెమొరీ దానిపైననే కుదురుకొని యుండును. ఈ పలకకు విద్యుత్తు నందించుట దీపమునకు అందించినంత సులభము కాదు.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. అది సెకనునకు 50 పర్యాయములు ముందువెనుకలకు ఊగు ఏకాంతర విద్యుత్తు. మదర్‌బోర్డునకు ఒకే దిశలో పారు ఏకముఖ విద్యుత్తు, అదియు మిక్కిలి తక్కువ వోల్టులలో కావలెను. ఈ మార్పు చేయునది పెట్టె మూలనుండు పవర్ సప్లై. 1995లో ఇంటెల్ సంస్థ రూపొందించిన ఏ.టి.ఎక్స్. పద్ధతి ననుసరించి అది 12, 5, 3.3 వోల్టుల విద్యుత్తును వేర్వేరు తీగలలో పంపును. 5 వోల్టుల తీగలో 4.75 కంటె తగ్గరాదు; 5.25 కంటె పెరుగరాదు.

అయితే నేటి ప్రాసెసరు కోరునది ఇంచుమించు 1 వోల్టు మాత్రమే. అట్లైనచో పవర్ సప్లైయే 1 వోల్టును పంపరాదా యని మీకు తోచవచ్చును. లెక్క వేసి చూడుడు. వోల్టులను ఆంపియర్లచే గుణించిన వాట్లు వచ్చును. 100 వాట్లు కోరు ప్రాసెసరునకు 1 వోల్టు చొప్పున పంపినచో 100 ఆంపియర్లు కావలెను. 12 వోల్టుల చొప్పుననైనచో 8 ఆంపియర్లకు కొంచెము మించును. తీగలో వృథాగా పోవు వేడిమి ప్రవాహముయొక్క వర్గమును బట్టి పెరుగును. అదే తీగలో ప్రవాహము 12 రెట్లైన వేడిమి 144 రెట్లగును! కావుననే 12 వోల్టులను ప్రాసెసరు చెంత వఱకు తెచ్చి, అచ్చట అమర్చిన నియంత్రకములచే 1 వోల్టునకు దింపుదురు. కాలువ నీటిని నారుమడి గట్టుదాక నిండుగా తెచ్చి చిన్న తూము గుండ విడుచు రైతు చేయు పనియు నిట్టిదే. పని లేనపుడు ఈ నియంత్రకములు వోల్టును మఱికొంత తగ్గించును. ప్రాసెసరు వేగమును తగ్గును. అందుచే విద్యుత్తు ఆదా యగుటయే గాక పెట్టెలోని వేడియు తగ్గును.

బొత్తాము నొక్కగానే ప్రాసెసరు పనికి దిగదు. వోల్టులు నిలుకడ చెందిన పిదప పవర్ సప్లై ప్రత్యేకమైన తీగద్వారా ‘విద్యుత్తు బాగున్నది’ అను సంకేతము పంపును. సెకనులో పదవ వంతు మొదలు సగము వఱకు పట్టు ఈ కాలములో ప్రాసెసరు కదలక నిలిచియుండును. పంక్తిలో అందఱకును వడ్డన ముగియువఱకు విస్తరిలో చేయి పెట్టని పెద్దమనిషి వంటిదది. నిలుకడలేని విద్యుత్తుతో చేసిన లెక్క తప్పగు ననుటయే దీనికి కారణము.

విద్యుత్తు హఠాత్తుగా పోయినపుడు మాత్రము ఇంత వ్యవధి లేదు. పవర్ సప్లైలోని కెపాసిటర్లలో నిలువయున్న శక్తి సుమారు సెకనులో 60వ వంతు కాలమునకే సరిపోవును. తరువాత మెమొరీలోని దంతయు తుడిచిపెట్టుకొని పోవును. గంటసేపు టైపుచేసి భద్రపఱుపని వ్యాసము మఱల రాదు. యు.పి.ఎస్. అను బ్యాటరీ పెట్టె ఇచ్చునది కొన్ని నిమిషములే; అవి వ్యాసమును భద్రపఱచి యంత్రమును ఆపుటకే గాని పని సాగించుటకు గాదు.

బొత్తామును స్విచ్చి యనుట వాడుక. నిజమునకది పిలుపుగంట వంటిది. కంప్యూటరు ఆగియున్నను ఆ పిలుపు వినుటకై 5 వోల్టుల తీగ యొకటి మేల్కొనియే యుండును. కావున మదర్‌బోర్డును తాకదలచినవారు ముందుగా గోడనుండి ప్లగ్గును ఊడదీయవలెను. పవర్ సప్లై డబ్బాను మాత్రము అప్పటికిని విప్పరాదు. లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును.

ప్లగ్గు తీసినను మదర్‌బోర్డుపై ఒక గడియారము నడచుచునే యుండును. దానికి ఆధారము రూపాయి బిళ్ళవంటి 3 వోల్టుల బ్యాటరీ. కొన్ని యేండ్లకు దాని శక్తి ఉడిగినపుడు, ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారియు కంప్యూటరు ఎన్నడో గడచిన తేదీనే చూపును.