నిప్పు లేని వెలుగు

నికాహ్‌లో ఖర్జూరాలతో పాటు పంచే మిశ్రీ, అంటే పటికబెల్లం, మనందరికీ తెలిసిందే. చీకటి గదిలో దాన్ని నలిపితే నీలిరంగు మెరుపు వస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. చక్కెరను చీకట్లో కత్తితో గీకితే మెరుస్తుందని ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ బేకన్ 1620లోనే రాశారు.

కారణం ఇది. పటికబెల్లం పలుకు విరిగినప్పుడు ఒక ముక్క మీద ధన విద్యుత్తు, ఎదుటి ముక్క మీద రుణ విద్యుత్తు చేరతాయి. వాటి మధ్య సందులో ఎలక్ట్రాన్లు దూకి, గాలిలోని నైట్రోజన్‌ను ఢీకొంటాయి. ఆ నైట్రోజనే వెలుగునిస్తుంది. ఆకాశంలో మెరుపు కూడా ఇలాంటిదే, కాకపోతే ఇది చిటికెడంత. ఈ వెలుగులో ఎక్కువ భాగం కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి. మనం చూసేది అందులో కొద్ది భాగమే.

అంటించే టేపును చుట్ట నుంచి లాగినా ఎలక్ట్రాన్లు వెలువడతాయి. 2008లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు గాలి తీసేసిన పెట్టెలో టేపును లాగి, వెలువడిన ఎక్స్ కిరణాలతో వేలి ఎముకను ఫోటో తీశారు. గాలి ఉన్నచోట ఎలక్ట్రాన్లకు అంత వేగం రాదు కనుక ఇంట్లో టేపు వాడడానికి భయపడనక్కర్లేదు.

ప్రకాశం జిల్లా మెట్ట పొలాల్లో దొరికే తెల్లని పలుగురాళ్లను చీకట్లో ఒకదానితో ఒకటి రాపాడించినా వెలుగు వస్తుంది. అది చూసి పిల్లలు దెయ్యమని జడుసుకోనక్కర్లేదు.

అయితే ఒక తేడా తెలిసి ఉండాలి. రాయి ఇనుముకు తగిలినప్పుడు లేచే రవ్వ వేరు. అది కాలుతున్న ఇనుప రజను, నిజమైన నిప్పు. పత్తిలో కలిసిన చిన్న రాయి జిన్నింగ్ యంత్రంలో పడితే ఆ రవ్వే దూదిని అంటించగలదు. మన గుంటూరు ప్రాంతంలో ఎన్నో కుటుంబాలు బతికేది పత్తి మీదే. అందుకే పత్తి తీసేటప్పుడే రాళ్లు, ఇనుప ముక్కలు ఏరివేయడం చాదస్తం కాదు, జాగ్రత్త.

ఈ సంచిక చదువుతున్న పెద్దలు ఒక రాత్రి ఇంటి పిల్లలతో కూర్చుని చూడండి. దీపాలు ఆర్పి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా పది పదిహేను నిమిషాలు ఆగండి. పటికబెల్లం పలుకును పలుచని ప్లాస్టిక్ కవరులో పెట్టి కటింగ్ ప్లేయరుతో నొక్కండి. పుస్తకంలో బట్టీపట్టిన ఎలక్ట్రాన్ అనే మాటకు పిల్లవాడి కళ్ల ముందే అర్థం దొరుకుతుంది. అందుకు పది రూపాయల మిశ్రీ చాలు.