నాట్లు గుత్తకా, కూలికా?

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో వరినాట్లను ఎకరానికింతని గుత్తకిచ్చుట వాడుక. పని త్వరగా ముగియును. కాని డబ్బు విస్తీర్ణమును బట్టియే గనుక కుదుళ్లు పలచబడి దిగుబడి తగ్గును. రోజుకూలి పని నెమ్మది. అయినను దగ్గరుండి చక్కదిద్దించుకొనవచ్చును.

సిరిసిల్ల మరమగ్గాలపై కూలి నేసిన మీటర్ల లెక్కన. కాని బట్టను చూడక ఎవరును తీసుకొనరు. మీరును అట్లే చేయవలెను. చదరపు మీటరుకు వానాకాలములో 33, యాసంగిలో 44 కుదుళ్లు, ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట ఉండవలెనని బేరమునాడే చెప్పుడు. కుదుళ్లు పెంచుమన్నచో రేటు పెంచుట న్యాయము. ముఠా మడి విడువకముందే నాలుగైదుచోట్ల లెక్కించి, లోటు పూరింపించి, పిదప డబ్బు చెల్లింపుడు.

నీరు పెట్టుట, గట్లు చూచుట వంటి నిత్యపు పనులకు మాత్రము జీతగాడే మేలు.