వెంట్రుకవాసి అరుగుదల

గడచిన ఫిబ్రవరిలో ఒక ఉదయం మా రెండవ అబ్బాయి మెట్‌పల్లి నుండి కోరుట్లలోని కళాశాలకు సైకిల్‌పై బయలుదేరాడు. గల్ఫ్‌లో పనిచేసే మా తమ్ముడు సెలవుపై వచ్చినప్పుడు ముచ్చటపడి కొనిచ్చిన గేర్ల సైకిల్ అది. సన్నని టైర్లు, కిందికి వంపు తిరిగిన హ్యాండిల్, వెనుక చక్రం వద్ద గుత్తిలా అమర్చిన పళ్ల బిళ్లలు. 63వ నంబరు జాతీయ రహదారిపైకి ఎక్కే చోట వెనుక నుండి లారీ వస్తున్నది. త్వరగా పక్కకు చేరాలని పిల్లవాడు సీటుపై నుండి లేచి, బలమంతా పెడల్‌పై మోపాడు. ఆ క్షణాన చైను పళ్లను వదిలి జారింది. పెడల్ పట్టులేక గిర్రున తిరిగింది. వాడు రోడ్డుపై మోకాళ్ల మీద పడ్డాడు. లారీ డ్రైవర్ సమయానికి బ్రేకు వేశాడు. అల్లాహ్ దయవల్ల మోకాలి చర్మం లేచిపోవడంతోనే ఆపద తొలగింది.

ఇందులో తప్పు నాది. అంతకు ఎనిమిది నెలల క్రితమే, టైరు మార్పించడానికి వెళ్లినప్పుడు, చైను అరిగిందని మిస్త్రీ చెప్పాడట. అబ్బాయి ఆ మాట నా చెవిన వేశాడు. "తిరుగుతున్న దానిని ఎందుకు మార్చాలి? తెగినప్పుడు చూద్దాం" అన్నాను. మద్రసా ఉపాధ్యాయుని జీతంతో ఇల్లు నడిపేవాడికి ఆ మాట పొదుపుగానే తోచింది. పొదుపుకూ, చూసీ చూడనట్లు వదిలేయడానికీ మధ్య ఉన్న భేదం రోడ్డుపై పడిన పిల్లవాడిని లేవనెత్తినప్పుడు గానీ నాకు తెలియలేదు.

మరునాడు సైకిల్‌ను మిస్త్రీ వద్దకు నేనే తీసుకువెళ్లి కొత్త చైను వేయమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "కొత్త చైను ఏస్తే ఇంకా ఎక్కువ జారుతది మౌల్వీసాబ్. పండ్లు అరిగినయి" అన్నాడు. ఖర్చు పెంచడానికే అలా అంటున్నాడని నాకు అనుమానం కలిగింది. ఆయన వాదించలేదు. కొత్త చైను తెచ్చి తొడిగి, వెనుక చక్రాన్ని గట్టిగా పట్టుకొని, పెడల్‌ను కాలితో తొక్కమన్నాడు. తళతళలాడే ఆ చైను నా కళ్ల ముందే పళ్లపైకి ఎక్కి, టప్పున జారింది. నా అనుమానానికి నేనే సిగ్గుపడ్డాను.

చైను సాగదు, అరుగుతుంది

చైను సాగిందని మనమందరం అంటాము. నిజానికి ఆ ఉక్కు పట్టీలు సాగవు. సైకిల్ చైనులో ఒక పిన్ను నుండి మరొక పిన్నుకు దూరం సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. ప్రతి పిన్ను చుట్టూ ఒక రోలరు తిరుగుతూ ఉంటుంది. ఈ రోలరు చైనుకు రూపకల్పన చేసినవాడు ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడిన స్విట్జర్లాండ్ దేశస్థుడు హాన్స్ రెనాల్డ్. సంవత్సరం 1880. గొలుసుతో, పళ్ల చక్రంతో బలాన్ని ఒకచోటి నుండి మరొక చోటికి చేర్చడమనే ఆలోచన అంతకు ఎంతో పూర్వానిది. 1206లో పూర్తిచేసిన తన గ్రంథంలో అల్ జజరీ నీటిని పైకెత్తే గొలుసు యంత్రాలను బొమ్మలతో సహా వివరించాడు.

చైను పళ్ల చక్రంపై వంగిన ప్రతిసారీ పిన్ను తన గూటిలో కొద్దిగా తిరుగుతుంది. ఆ గూటిలోకి దుమ్ము చేరితే అది ఆకురాయిలా పనిచేస్తుంది. పిన్ను సన్నబడుతుంది, గూడు వెడల్పవుతుంది. అరుగుదల అరశాతానికి చేరేసరికి ఒక్కొక్క లింకు వద్ద ఏర్పడే సందు మిల్లీమీటరులో నూరింట ఆరు వంతులు మాత్రమే. అది దాదాపు తల వెంట్రుక మందం. అయితే ఒక చైనులో ఇటువంటి లింకులు సుమారు 110 ఉంటాయి. అన్నీ కలిస్తే చైను 7 మిల్లీమీటర్లు పొడవవుతుంది.

ఉల్లేఖకుల గొలుసులో ఒక్కరు బలహీనులైనా ఆ సనద్ అంతా బలహీనమవుతుందని మేము తరగతిలో బోధిస్తాము. సైకిల్ చైను సంగతి మరొక విధమైనది. ఇందులో ఏ లింకునూ వేరుగా తప్పుపట్టలేము. ప్రతి ఒక్కటీ వెంట్రుకవాసి మాత్రమే తప్పింది. అందుకే చైను తెగేదాకా ఆగుతానన్న నా మాటకు అర్థం లేదు. తెగకుండానే అది చేయవలసిన నష్టమంతా చేస్తుంది.

పళ్లకు తగిలే దెబ్బ

లింకుల మధ్య దూరం పెరిగిన చైను పళ్ల లోయలలో సరిగా కూర్చోదు. పళ్ల పైభాగానికి ఎగబాకి, బరువును కొన్ని పళ్లపైనే మోపుతుంది. క్రమంగా ఆ పళ్లు తనకు అనుగుణంగా అరిగి, ఒకవైపుకు వంగిన కొక్కేల వలె తయారవుతాయి. పాత చైనూ పాత పళ్లూ కలిసి అరిగినందువల్ల ఒకదానితో ఒకటి సర్దుకొని కొంతకాలం నడుస్తాయి. మధ్యలో కొలత సరిగా ఉన్న కొత్త చైను వస్తే దానికి ఆ పళ్లలో చోటు దొరకదు. మిస్త్రీ నాకు చూపించినది ఇదే.

ఏ బిళ్ల ముందుగా అరుగుతుంది? పళ్లు తక్కువ ఉన్నదే. మన సాధారణ సైకిళ్లలో తరచుగా ముందు చైన్‌వీల్‌కు 44 పళ్లు, వెనుక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉంటాయి. పెడల్ ఒకసారి తిరిగితే ఫ్రీవీల్ దాదాపు రెండున్నర సార్లు తిరుగుతుంది. కనుక దాని ఒక్కొక్క పన్ను అంత ఎక్కువ పని చేస్తుంది. గేర్ల సైకిల్‌లో రోజూ వాడే చిన్న బిళ్లలు ముందుగా పోతాయి. చైను వెల తక్కువ, బిళ్లల గుత్తి వెల ఎక్కువ. చైనును సమయానికి మారిస్తే ఒకే గుత్తి రెండు మూడు చైన్లకు పనికివస్తుంది. నేను ఒక్క చైను ఖర్చు తప్పించుకోబోయి చైనూ, గుత్తీ, ముందు చైన్‌వీలూ మూడూ కొన్నాను. గుత్తి హైదరాబాద్ నుండి రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ పిల్లవాడికి బస్సే గతి అయింది.

ఇంట్లోనే కొలిచే విధానం

ఇందుకు ఒక ఇనుప టేపు చాలు. కుట్టుపనివారి గుడ్డ టేపు సాగుతుంది కనుక పనికిరాదు. పెడల్‌ను కొద్దిగా అదిమి చైనును బిగువుగా ఉంచండి. ఒక పిన్ను మధ్యభాగాన్ని టేపుపై ఒక అంగుళం గీత వద్ద ఉంచి, దాని తరువాతి పిన్ను నుండి 24 లెక్కపెట్టండి. చైను కొత్తదైతే 24వ పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల దూరంలో ఉంటుంది.

అది అంగుళంలో పదహారవ వంతు ముందుకు జరిగి ఉంటే అరుగుదల సుమారు అరశాతం. వెనుక 11 లేదా 12 బిళ్లలున్న సన్నని చైనును అప్పుడే మార్చాలి. 8 నుండి 10 బిళ్లలున్న వాటికి ముప్పావు శాతం దాకా గడువు ఉంటుంది. గేర్లు లేని సైకిల్‌కు ఒక శాతం, అంటే అంగుళంలో ఎనిమిదవ వంతు, చివరి హద్దు. గేర్ల సైకిల్ ఆ హద్దుకు చేరితే బిళ్లలు కూడా పోయి ఉంటాయనే భావించాలి.

సాధారణ సైకిల్ చైను వదులైతే వెనుక చక్రాన్ని వెనక్కు లాగి బిగించడం, అదీ చాలకపోతే ఒక లింకు తీసివేయడం మనకు అలవాటు. చైను పైకీ కిందికీ అర అంగుళం ఆడేటట్లు బిగించడం మంచిదే. కానీ దానివల్ల వదులు పోతుందే తప్ప అరుగుదల పోదు. బిగించిన ప్రతిసారీ కొలిచి చూడటం అవసరం.

చప్పుడు చెప్పే సంగతులు

సైకిల్ ఎక్కడ బాధపడుతున్నదో దాని చప్పుడును బట్టి చాలావరకు గ్రహించవచ్చు.

బలంగా తొక్కినప్పుడు ఒకటి రెండు బిళ్లలపైనే చైను జారుతుంటే ఆ బిళ్లల పళ్లు అరిగాయి.

ఏ గేరులో ఉన్నా, పెడల్ రెండుసార్లకు పైగా తిరిగిన తరువాత ఒకసారి చొప్పున క్రమం తప్పకుండా టక్కుమంటుంటే ఒక లింకు బిగుసుకొని ఉన్నది. చైను ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే వ్యవధి అదే. పెడల్‌ను నెమ్మదిగా వెనక్కు తిప్పితే వంగని లింకు కంటబడుతుంది. దానికి ఒక చుక్క నూనె వేసి, పక్కలకు మెల్లగా వంచితే సడలుతుంది.

చైను గరగరలాడుతూ పక్క బిళ్లపైకి పోవడానికి ప్రయత్నిస్తుంటే, అది అరుగుదల కాకపోవచ్చు. గేరు కేబుల్ వదులై ఉంటుంది. కేబుల్ చివర ఉండే చిన్న గుండ్రని మరను అర చుట్టు తిప్పి చూడండి. సైకిల్ కుడివైపుకు పడిన తరువాత ఈ బాధ మొదలైతే గేరు మార్చే భాగం వంగి ఉండవచ్చు. దానిని మిస్త్రీకి చూపించాలి.

పెడల్ తిరిగిన ప్రతిసారీ ఒక్కసారే టక్కుమంటే లోపం పెడల్‌లోనో, క్రాంకులోనో ఉంటుంది. పాత సైకిళ్లలో కాటర్ పిన్ను వదులైతే ఇదే చప్పుడు వస్తుంది. పెడల్ విప్పేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఎడమ పెడల్ మర తిరుగుడు వ్యతిరేక దిశలో ఉంటుంది.

ముందుకు తొక్కినా పట్టు దొరకక పెడల్ ఖాళీగా తిరిగితే ఫ్రీవీల్ లోపల, మిస్త్రీలు కుత్తాలని పిలిచే ఉక్కు నాలుకలు, మట్టితోనో ఎండిన గ్రీజుతోనో అతుక్కుపోయి ఉంటాయి. శుభ్రం చేయించకుండా ఆ సైకిల్‌ను రోడ్డుపైకి తీసుకుపోకూడదు.

శుభ్రత, నూనె

మన ప్రాంతంలో చైనుకు దుమ్ము కరవు లేదు. పసుపు కాలంలో మార్కెట్ దారులు, మక్కలూ వడ్లూ ఆరబోసిన రోడ్లు, ఆ తరువాత వానాకాలపు బురద. దుమ్ములో తిరిగి వచ్చిన రోజున, పొడిగుడ్డలో చైనును పట్టుకొని పెడల్‌ను వెనక్కు పది చుట్లు తిప్పితే చాలు. అందుకు రెండు నిమిషాలు పడుతుంది. గుడ్డను పళ్లకు దూరంగా, కింది వరుసలో పట్టుకోవాలి, లేకపోతే వేళ్లు నలుగుతాయి.

చైను నల్లగా జిగటబారితే కిరోసిన్‌తో కడగవచ్చు. పెట్రోలు వద్దు. ఇంట్లో పొయ్యి ఉంటుంది, పిల్లలు ఉంటారు. కడిగిన తరువాత పూర్తిగా ఆరనివ్వాలి. తడి చైనుపై వేసిన నూనె లోపలికి దిగదు.

నూనె అవసరమైనది చైను పైన కాదు, రోలర్ల లోపల. ఒక్కొక్క రోలరుపై ఒక్క చుక్క చొప్పున వేసి, పెడల్ కొంతసేపు తిప్పి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా తుడిచివేయాలి. పైన మెరిసే నూనె దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. వాడి తీసిన ఇంజన్ ఆయిల్ వేయడం మన వద్ద చాలామందికి అలవాటు. అందులో మసీ, లోహపు పొడీ ఉంటాయి. కొబ్బరినూనె, వంటనూనె కొద్ది రోజులకే జిగురవుతాయి. సైకిల్ చైను కోసం తయారైన నూనె శ్రేష్ఠం. అది లేనప్పుడు కుట్టుమిషన్ నూనె ఫరవాలేదు. కానీ పలుచనిది కనుక తరచుగా వేయవలసి ఉంటుంది. వానలో తడిసిన చైనును ఆరబెట్టి, అదే రోజు నూనె వేయడం తప్పనిసరి.

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి నెలా మొదటి శుక్రవారం అస్ర్ నమాజు తరువాత సైకిళ్లను వాకిట్లో నిలబెడుతున్నాము. అబ్బాయి కొలుస్తాడు, చిన్నమ్మాయి తేదీ, కొలత నోటు పుస్తకంలో వ్రాస్తుంది, నేను గుడ్డ పట్టుకుంటాను. మొన్న నేను మద్రసాకు వెళ్లే పాత సైకిల్ వంతు వచ్చింది. అబ్బాయి రెండుసార్లు కొలిచాడు. పన్నెండు అంగుళాలపై ఎనిమిదవ వంతు దాటింది. తల పైకెత్తకుండానే, "అబ్బా, తెగేదాకా చూద్దామా?" అని అడిగాడు.

శనివారం ఉదయం తరగతికి వెళ్లేముందే మిస్త్రీ దుకాణం వద్ద నిలబడ్డాను.