వార్తల్లో పదం: ఎన్నికల పరిశీలక బృందం

ఒక దేశం పిలిస్తే, అక్కడి ఎన్నికలు సజావుగా సాగుతున్నాయో లేదో చూడటానికి వచ్చే విదేశీ ప్రతినిధుల జట్టే ఎన్నికల పరిశీలక బృందం. 2024లో శ్రీలంక అధ్యక్ష ఎన్నికలకు ఐరోపా సమాఖ్య బృందం వచ్చింది ఇలా ఆహ్వానం మీదే.

కొందరు వారాల ముందే జిల్లాలకు చేరి ప్రచారం, మీడియా తీరు, ఫిర్యాదులు గమనిస్తారు. పోలింగ్ రోజున ఇంకొందరు ఇద్దరిద్దరుగా తిరుగుతూ, ఖాళీ పెట్టెకు సీలు వేయడం మొదలు ఓట్ల లెక్కింపు దాకా చూసి ఫారాలు నింపుతారు. అక్రమం కళ్లెదుటే జరిగినా రాసుకోవడమే వారి పని. ఆపే అధికారం వారికి లేదు. చివర్లో వారిచ్చే నివేదికలోని సిఫార్సులు పాటించాలన్న నిర్బంధమూ లేదు. అయినా ఓడినవారు ముందుగా వెతికేది ఆ నివేదికనే!

మన 2024 లోక్‌సభ ఎన్నికలకు ఎన్నికల సంఘం ఆహ్వానంపై 23 దేశాల నుంచి 75 మంది ప్రతినిధులు వచ్చారు. అయితే వారు పరిశీలకులుగా కాదు, సందర్శకులుగానే వచ్చారు.