శక్తికి తగిన స్పీకరు

స్టీరియో రిసీవరు కొనేవారు చాలామంది వాట్ల సంఖ్యనే చూస్తారు. స్పీకరు సామర్థ్యాన్ని గమనించరు. ఒక వాట్ విద్యుచ్ఛక్తి అందినప్పుడు ఒక మీటరు దూరంలో స్పీకరు ఎన్ని డెసిబెళ్ల ధ్వనినిస్తుందో అదే దానికి కొలమానం. ధ్వని 3 డెసిబెళ్లు పెరగాలంటే శక్తి రెట్టింపు కావాలి. 10 పెరగాలంటే పదింతలు కావాలి. కాబట్టి 98 డెసిబెళ్ల స్పీకరు 10 వాట్లతో ఇచ్చే ధ్వనిని 88 డెసిబెళ్ల స్పీకరు 100 వాట్లతోగాని ఇవ్వలేదు.

1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ రూపొందించిన చిన్న స్పీకరు గంభీరమైన మంద్రస్వరాలు పలికింది. కాని ఎక్కువ శక్తిని కోరింది.

తక్కువ శక్తిగల రిసీవరు స్పీకరుకు హాని చేయదనుకోవడం భ్రమ. దానిని శక్తికి మించి హెచ్చిస్తే విద్యుత్తరంగాల శిఖరాలు తెగి, తారస్వరాలు పలికించే ట్వీటరు కాలిపోవచ్చు. కనుక స్పీకరు సామర్థ్యం తెలుసుకొన్న పిమ్మటనే రిసీవరును ఎంచుకోవాలి.